యాకోబు ఏడ్చాడు, యాకూబ్ ఏడ్చాడు

(కౌన్సెలింగ్ శిక్షణ పొందుతున్న పాస్టర్లు, సిస్టర్లు, ఇమాములు, సైకాలజీ విద్యార్థుల ఎదుట గుంటూరులో ఒక కౌన్సెలర్ చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. వందనాలు. అస్సలాము అలైకుమ్. మూడూ చెప్పేశాను, ఇక ఎవరూ నన్ను తప్పు పట్టడానికి లేదు. (నవ్వులు) మైకు కొంచెం గీపెడుతోంది. వెనక వాళ్లకి వినపడకపోతే చెయ్యెత్తండి, అరిచి చెప్తాను. నాకది అలవాటే, సండే స్కూలు టీచర్‌గా పదేళ్లు చేశాను.

ముందు నా తప్పొకటి చెప్పుకుంటాను. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకావిడ వచ్చింది. పంతొమ్మిదేళ్ల కొడుకు బైకు మీద వెళ్తూ లారీ కింద పడి పోయాడు. ఆవిడా విశ్వాసే, నేనూ విశ్వాసినే. ఇంకేం, నాకు దారి సుళువైపోయిందనుకున్నాను. కూర్చున్న పది నిమిషాల్లో రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం ఎత్తుకున్నాను. "మేలు కలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అన్నాను. ఆవిడ "అవునమ్మా" అంది. కళ్లు తుడుచుకుంది. చిన్న ప్రార్థన చేశాను, "ఆమేన్" అంది. వెళ్లిపోయింది. నేను ఆ రోజు చాలా బాగా పని చేశాననుకుని ఇంటికెళ్లాను.

మళ్లీ రాలేదు. కొన్ని నెలల తర్వాత కూరల బజార్లో కనపడితే నేనే పలకరించాను. ఏమ్మా, మళ్లీ రాలేదేం అని. ఆవిడ దోసకాయలు ఏరుకుంటూ, నా వైపు చూడకుండానే అంది: "ఆ వాక్యం నాకు తెలుసమ్మా. సమాధి దగ్గరే చెప్పారు. పెద్ద కర్మ రోజు కూడా చెప్పారు. మీ దగ్గరికి దానికోసం రాలేదు."

పెద్ద కర్మ అనే మాట విని కొందరు పాస్టర్లు మొహం చిట్లించారు, చూశాను. మన విశ్వాసుల ఇళ్లలో ఏమేం జరుగుతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. దాన్ని వదిలేద్దాం.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్నదంతా ఆ దోసకాయల దగ్గర మొదలైంది. వాక్యం తప్పు కాదు. ఆవిడ మాట్లాడకముందే నేను చెప్పేయడం తప్పు. ఆవిడ దేవుడితో ఏం మాట్లాడుతోందో, అసలు మాట్లాడుతోందో మానేసిందో నేను అడగలేదు. ఆవిడ నోరు మూయించడానికి దేవుణ్ణి వాడుకున్నాను.

దీనికి ఎదురు తప్పు ఇంకోటుంది. అది ఇక్కడున్న సైకాలజీ పిల్లలది. మీకు క్లాసులో న్యూట్రల్‌గా ఉండమని నేర్పుతారు. దాంతో వచ్చినవాళ్లని దేవుణ్ణి చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి రమ్మన్నట్టు కూర్చుంటారు. ఒక ముస్లిం అమ్మాయి "ఫజర్ నమాజుకి లేవలేకపోతున్నాను" అంటే మీరు "నిద్ర పట్టడం లేదు" అని ఫైల్లో రాసుకుని ముందుకెళ్లిపోతారు. ఆ అమ్మాయి చెప్పింది నిద్ర గురించి కాదు. రోజూ పొద్దున్నే తాను అల్లాహ్ ముందు దోషినైపోతున్నానని చెప్పింది. మీకు వినపడలేదు.

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. ఫ్రాయిడ్ మతాన్ని భ్రమ అని 1927లో పుస్తకం రాస్తే, జ్యూరిక్‌లో పాస్టరుగా ఉన్న ఆయన స్నేహితుడు ఆస్కార్ ఫిస్టర్ మరుసటేడే దానికి జవాబు రాశాడు. స్నేహం మాత్రం చెడలేదు. 1909 నుంచి ఫ్రాయిడ్ పోయేదాకా ఇద్దరూ ఉత్తరాలు రాసుకుంటూనే ఉన్నారు. అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అనే పాదిరిగారికి 1920లో మతి చలించి ఆస్పత్రిలో పెట్టారు. బయటికొచ్చాక 1925లో ఆయనే ఉస్టర్‌లోని మానసిక వైద్యశాలకి వేదాంత విద్యార్థుల్ని తీసుకెళ్లి, పుస్తకాలు చదివినట్టే ఈ మనుషుల్నీ చదవండి అన్నాడు. ఇవాళ ఆస్పత్రుల్లో చాప్లెయిన్లకి, అంటే రోగుల్ని చూసుకునే పాదిరులకి, ఇచ్చే శిక్షణకి అదే మొదలు. ఇక ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్-బల్ఖీ, అంటే వెయ్యేళ్లకి పైమాట, శరీరానికీ మనసుకీ కలిపి ఆరోగ్య గ్రంథం రాశాడు. అందులో దిగులు రెండు రకాలన్నాడు. కారణం తెలిసినదొకటి, కారణం తెలియకుండా కమ్ముకునేదొకటి. రెండోదాని మూలం ఒంట్లో ఉంటుందన్నాడు. "నమాజు సరిగా చేస్తే డిప్రెషన్ ఎందుకొస్తుంది" అని ఎవరైనా అంటే, అల్-బల్ఖీ ఏమన్నాడో ఒకసారి చెప్పండి. ఆయన పుస్తకాన్ని మన కాలానికి తెచ్చినవాడు సూడాన్ దేశపు సైకాలజిస్టు మాలిక్ బద్రీ. 2021లో పోయాడు.

చరిత్ర చాలు. పనిలోకి వద్దాం.

విశ్వాసాన్ని కౌన్సెలింగ్‌లోకి తెస్తే పని చేస్తుందా అని అడుగుతారు. 1992లో అమెరికాలో రెబెక్కా ప్రాప్స్ట్ బృందం డిప్రెషన్‌తో ఉన్న 59 మంది క్రైస్తవులతో ఒక అధ్యయనం చేసింది. మామూలు కాగ్నిటివ్ థెరపీ, అంటే ఆలోచనల తీరు మార్చే చికిత్స, కొందరికి, అదే థెరపీని వాళ్ల విశ్వాసపు మాటల్లో కొందరికి. ఇలా విశ్వాసంతో కలిపి చేసినప్పుడు బాగా ఫలితం తెచ్చినవాళ్లు ఎవరో తెలుసా? దేవుణ్ణి నమ్మని థెరపిస్టులు! (నవ్వులు) నవ్వకండి, ఇది మనకి మొట్టికాయ. ఎందుకలా జరిగిందంటే నా ఊహ ఇది: నమ్మనివాడికి జవాబు తెలీదు కాబట్టి అడుగుతాడు. మనకి జవాబు ముందే తెలుసు కాబట్టి చెప్పేస్తాం. 1990ల్లోనే మలేసియాలో ఆందోళనతో బాధపడే ముస్లిం రోగుల మీద ఇలాంటిదే చేశారు. మతంతో కలిపిన చికిత్స తీసుకున్నవాళ్లు మూడు నెలలకి ముందున్నారు. ఆరు నెలలయ్యేసరికి మిగతావాళ్లూ అందుకున్నారు. అంటే త్వరగా కోలుకోవడానికి సాయపడిందన్నమాట. అద్భుతం జరిగిందని మాత్రం మనం సాక్ష్యాల్లో చెప్పుకోకూడదు.

సరే. ఇక్కడ సగం మంది బైబిలు వాళ్లు, సగం మంది ఖుర్ఆన్ వాళ్లు. ఇద్దరికీ చెందిన ఒక ముసలాయన ఉన్నాడు. యాకోబు, యాకూబ్. కొడుకుని పోగొట్టుకున్న తండ్రి. యోసేపు, యూసుఫ్.

(పక్క మసీదులో అజాన్ మొదలైంది. ప్రసంగం కాసేపు ఆగింది.)

మంచి సమయానికే వచ్చింది. ఆదికాండం ముప్పై ఏడు తీయండి. కొడుకులూ కూతుళ్లూ అందరూ వచ్చి ఓదార్చబోతే "అతడు ఓదార్పు పొందనొల్లక" అని ఉంది. పొందలేక అని కాదండీ, పొందనొల్లక. ఒప్పుకోలేదు. నా కొడుకు దగ్గరికే ఏడుస్తూ పోతానన్నాడు. దేవుడు ఆయన్ని అల్పవిశ్వాసీ అని గద్దించినట్టు ఎక్కడా లేదు.

ఇప్పుడు ఖుర్ఆన్‌లో యూసుఫ్ అధ్యాయం, సూరా యూసుఫ్. మౌలానా గారూ, తప్పయితే దిద్దండి. కొడుకులు వచ్చి తోడేలు తినేసిందని చెప్పినప్పుడు యాకూబ్ అలైహిస్సలాం ఏమంటారు? "ఫ సబ్రున్ జమీల్". అందమైన సహనం. మనవాళ్లు అక్కడే ఆగిపోతారు. భర్త పోయిన మూడో రోజున ఇంటికెళ్లి "సబర్ చెయ్, బేటీ, సబర్ చెయ్" అంటారు. కానీ సూరా అక్కడ ఆగలేదు. ఏళ్లు గడిచాక అదే యాకూబ్ మొహం తిప్పుకుని "అయ్యో యూసుఫ్" అని ఏడుస్తాడు. దుఃఖంతో కళ్లు తెల్లబడిపోయాయని ఎనభై నాలుగో ఆయత్‌లో ఉంది. కొడుకులు విసుక్కుంటారు కూడా, ఇలా తలుచుకుంటూ చచ్చిపోతావా ఏంటి అని. అప్పుడాయన అంటాడు: నా బాధా నా దుఃఖం నేను అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నాను, అని.

సబర్ అన్నది ఆ నోరే, ఏడ్చి చూపు పోగొట్టుకున్నదీ ఆ మనిషే. ప్రవక్తకి ఉన్న సహనమే అలా ఉంటే, మన వీధిలో బూబమ్మ గారి కోడల్ని ఏడవొద్దనడానికి మనమెవరం? ముహమ్మద్ ప్రవక్త తన పసిబిడ్డ ఇబ్రాహీం పోయినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నారు. మీరు కూడానా అని పక్కవాళ్లు ఆశ్చర్యపోతే, ఇది కారుణ్యం అన్నారు. యేసు లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు. అదీ ఇంకాసేపట్లో లేపబోతున్నాడని తెలిసి కూడా. ఎనభై ఎనిమిదో కీర్తన చదివారా? చివరిదాకా చీకటే. ఎక్కడా హల్లెలూయా లేదు. మన సంఘాల్లో ఆ కీర్తన మీద ప్రసంగం నేనింతవరకు వినలేదు.

అందుకని నేను ఇప్పుడు వాక్యం చెప్పను, ప్రశ్న అడుగుతాను. "ఈ మధ్య ప్రార్థన ఎలా ఉంటోందమ్మా?" అంతే. నమాజులో ఏం అనిపిస్తోంది, దువా చేస్తుంటే మాట వస్తోందా? ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబులు మీరు ఊహించలేరు. "మానేశాను, ఎవరికీ చెప్పకండి." "దేవుడు నన్ను వదిలేశాడు." "నా పాపానికే బిడ్డ పోయాడు." ఇవి వినపడ్డాయంటే జాగ్రత్త పడాలి. కెన్నెత్ పార్గమెంట్ అనే ఆయన బృందం ఆస్పత్రిలో ఉన్న 596 మంది పెద్ద వయసు రోగుల్ని రెండేళ్లు గమనించింది. దేవుడు నన్ను విడిచిపెట్టాడు, ప్రేమించడం లేదు, ఈ జబ్బు సైతాను పని అనుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువగా కనపడ్డాయని 2001లో రాశారు. విశ్వాసం మందులా పనిచేసే చోటు ఉంది, పుండులా సలిపే చోటూ ఉంది. ఏ చోటో తెలుసుకోకుండా దాని మీద చెయ్యి వేయకండి.

ఆ కథలో ఇంకో సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది. యాకోబుని ఓదార్చడానికి వచ్చినవాళ్లెవరు? కొడుకులు. యోసేపుని అమ్మేసి, అతని విచిత్రమైన నిలువుటంగీని రక్తంలో ముంచి తెచ్చిందీ వాళ్లే. ఖుర్ఆన్‌లోనూ అంతే, దొంగ నెత్తురు పూసిన చొక్కా. ఓదార్చేవాళ్లకి నిజం తెలుసు, ఏడుస్తున్నాయనకి తెలియదు.

మీ దగ్గరికి ఒక అమ్మాయిని అత్తా మావా భర్తా అందరూ కలిసి తీసుకొస్తారు. దయ్యం పట్టిందంటారు, ఇంకో ఇంట్లో గాలి సోకిందంటారు, జిన్ అంటారు. పళ్లు బిగపట్టి పడిపోతోంది. పాస్టరు గారు విడుదల ప్రార్థన చేశారు, ఇంకొకరు తావీజు కట్టారు. నేను చేసే మొదటి పని కుటుంబాన్ని బయట కూర్చోబెట్టి టీ ఇప్పించడం. మొదట ఫిట్స్ కాదా అని డాక్టరుకి చూపించాలి, అది మర్చిపోకండి. తర్వాత ఆ అమ్మాయితో ఒంటరిగా మాట్లాడాలి. అలాంటి ఒకమ్మాయి, వివరాలు మార్చి చెప్తున్నాను, మూడోసారి వచ్చినప్పుడు చేతి గాజులు పైకి జరిపి చూపించింది. పడిపోయినప్పుడు మాత్రమే ఆ ఇంట్లో ఆమెని ఎవరూ కొట్టరు. దయ్యమంటే భయం కదా. ఆ దయ్యాన్ని వదిలించి పంపిస్తే ఆ అమ్మాయికి మిగిలేదేంటి? తలాక్ మాటో విడాకుల మాటో ఇంకా రాని ఇళ్లలో, ఖుర్ఆన్ నాలుగో సూరా చెప్పినట్టు అటునుంచి ఒక పెద్ద, ఇటునుంచి ఒక పెద్ద కూర్చోవడం మంచి పద్ధతే. కానీ దెబ్బలు తింటున్న మనిషిని కొట్టేవాడితో పాటు ఒకే బల్ల మీద కూర్చోబెట్టి రాజీ చేయకండి. "భార్యలారా, లోబడి ఉండండి" అన్న వాక్యం అక్కడ ఎత్తారా, ఆ చొక్కా పట్టుకుని వచ్చినవాళ్లలో మీరూ ఒకరు.

ఇప్పుడు వస్వాసా, అంటే వదలకుండా పీడించే అనుమానం. ఇమాములకి ఈ మాట కొత్త కాదు. వుజూ, అంటే నమాజుకి ముందు కాళ్లూ చేతులూ మొహం కడుక్కోవడం, చేసుకుంటూ ఒక కుర్రాడు ముప్పావుగంట కుళాయి దగ్గరే ఉంటాడు. మోచెయ్యి తడిసిందా లేదా? మళ్లీ మొదట్నుంచి. అందరూ కలిసి చేసే నమాజు, జమాత్, అయిపోతుంది. చేతులు నాని పగుళ్లిచ్చాయి. ఇంట్లో వాళ్లేమో భక్తి ఎక్కువ అనుకున్నారు. ఇది ఓసీడీ, వద్దన్నా వచ్చే అనుమానాలూ, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బూ. మా వైపు దీని అన్నదమ్ముడు ఇంకొకడున్నాడు: పరిశుద్ధాత్మకు విరోధంగా దూషించానేమో, నాది క్షమాపణ లేని పాపమేమో అని రాత్రంతా కుమిలిపోయే యువకుడు. మార్టిన్ లూథర్ మఠంలో ఉన్న రోజుల్లో గంటలకొద్దీ పాపాలు ఒప్పుకుని, బయటికెళ్లి ఇంకోటి గుర్తొచ్చి మళ్లీ వచ్చేవాడట.

దీనికి చికిత్స ఏంటంటే, అనుమానం వచ్చినా మళ్లీ కడగకుండా ఆ కంగారుని భరించడం అలవాటు చేయడం. మందులు కూడా అవసరపడొచ్చు. ఆ కుర్రాడితో "మళ్లీ కడగొద్దు" అని నేనంటే వినడు. నేను చర్చి మనిషిని, నాకేం తెలుసు వుజూ గురించి? అందుకని వాళ్ల మసీదు ఇమామ్ సాబ్‌ని అడిగాం. ఆయన రెండు మాటలు చెప్పారు. ప్రవక్త ఒక్కోసారి ఒక్కసారే కడుక్కుని వుజూ ముగించారని హదీసు ఉంది. మూడుసార్లకి మించితే హద్దు దాటినట్టే. ఇక ఫిఖ్‌లో, అంటే ఇస్లాం ధర్మశాస్త్రంలో, ఒక సూత్రం ఉంది, నిశ్చయంగా ఉన్నది అనుమానంతో పోదు అని. వుజూ చేసుకున్నది నిశ్చయం, తడవలేదేమో అన్నది అనుమానం. నేను నెలలు పట్టి చెప్పాల్సింది ఆయన ఒక్క వాక్యంలో చెప్పేశారు. నాకు కొంచెం ఈర్ష్య కూడా కలిగింది.

కానీ తర్వాతేమైందో వినండి. ఆ కుర్రాడు ఇమామ్ సాబ్‌కి ఫోన్లు మొదలుపెట్టాడు. "హజ్రత్, ఇవాళ్టిది అయిందా?" రోజుకి పదిసార్లు. ఆయన మంచి మనిషి, పదిసార్లూ "అయింది బేటా" అన్నారు. అంటే ఏమైంది? కుళాయి పోయి ఫోను వచ్చింది. ఓసీడీలో ధైర్యం చెప్పించుకోవడం కూడా జబ్బులో భాగమే. ముగ్గురం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం: ఫత్వా ఒక్కసారే చెప్పబడింది, మళ్లీ అడిగితే ఆయన జవాబివ్వరు, సలాం చెప్పి పెట్టేస్తారు. ఇమామ్ సాబ్‌కి ఇది చాలా కష్టమైంది. కుర్రాడికంటే ఆయనకే ఎక్కువ కష్టమైంది అనుకుంటాను. పాస్టర్లకి కూడా ఇదే చెప్తున్నాను. ప్రతి రాత్రి ఫోనులో "నీ పాపం క్షమించబడింది" అని చెప్తున్న అయ్యగార్లు ఇక్కడ ఉన్నారు, నాకు తెలుసు.

ఎర్వాడి గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. తమిళనాడు, రామనాథపురం జిల్లా. 2001 ఆగస్టు 6. దర్గా ఊళ్లో నడిపే ఒక ప్రైవేటు ఆశ్రయంలో పూరిపాక అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక చనిపోయారు. దర్గాకి తీసుకెళ్లినందుకు ఆ కుటుంబాల్ని తిట్టడం తేలిక. మన నెల్లూరు జిల్లా ఏ.ఎస్.పేటకి ఎంతమంది వెళ్తారు? హిందువులు కూడా వెళ్తారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బుని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని తేలింది. డాక్టరు దొరకని చోట దర్గా తలుపు, చర్చి తలుపు తెరిచి ఉంటాయి. తప్పు గొలుసుది. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసుని ఏ రూపంలోనూ ఒప్పుకోదు, మీ ప్రార్థన మందిరంలో అయినా సరే.

గుజరాత్‌లో ఉనావా మీరా దాతార్ దర్గాలో ఒక మంచి పని చేశారు. "దవా-దువా" అని పేరు, అంటే మందూ ప్రార్థనా. దర్గా సేవకులైన ముజావర్లకే శిక్షణ ఇచ్చి, దువా చేసి పక్కనే ఉన్న సైకియాట్రిస్టు దగ్గరికి వాళ్లే పంపేలా చేశారు. ముజావర్ "వెళ్లి మందు వేసుకో" అంటే రోగి వేసుకుంటాడు. మందు వాడొచ్చా అని పల్లెవాళ్లు అడిగితే వాడండి అన్నది ప్రవక్తే కదా. మా వైపు సువార్త రాసిన లూకా వైద్యుడు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోతానంటే దేవుడు మొదట పంపించింది ప్రసంగం కాదు, రొట్టే నీళ్లూ. తిని పడుకున్నాడు, మళ్లీ లేపి మళ్లీ తినిపించారు.

రొట్టె అన్నాను కాబట్టి ఉపవాసం సంగతి. బైపోలార్ జబ్బుకి ఇచ్చే లిథియం వాడేవాళ్లు ఒంట్లో నీళ్లు తగ్గితే ప్రమాదంలో పడతారు. రక్తంలో మందు పెరిగిపోతుంది. చేతులు వణకడం, వాంతులు, మాట తడబడటం. 2018లో రంజాన్ మే మధ్యలో మొదలైంది, మన ఎండలు మీకు చెప్పక్కర్లేదు. రోగికి మినహాయింపు ఉందని రెండో సూరాలోనే ఉన్నా, మనిషికి సిగ్గు. డాక్టరుకి చెప్పడు, మందు మానేస్తాడు. రంజాన్‌కి నెల ముందే అడగండి. మా నలభై రోజుల ఉపవాస ప్రార్థనలకీ ఇదే వర్తిస్తుంది.

ఇంకొక్కటి, త్వరగా. గోప్యత. చెప్పిన సంగతి ప్రార్థన మనవిగా సంఘంలో చదివేయకండి. "ఫలానా సహోదరి కుటుంబ సమస్య కొరకు" అన్నా సరే, ఊరంతా అర్థం చేసుకుంటుంది. ఒక్క విషయంలో మాత్రం దాచకూడదు: పిల్లల మీద లైంగిక వేధింపు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన వాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. ఆత్మహత్య మాట వినపడితే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక సహాయ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు నోటీసు బోర్డు మీద, వజూఖానా గోడ మీద అతికించండి.

ప్రశ్నలు ఏమైనా?

(శ్రోతల్లో ఒక ఇమామ్: మా దగ్గరికి వచ్చేవాళ్లు ముందు దువా చేయమంటారు. మీరు ఇదంతా చెప్పాక చేయాలా వద్దా అని సందేహం వస్తోంది.)

చేయండి హజ్రత్, దాన్ని అడిగే కదా వచ్చారు. నన్నూ అడుగుతారు, ముస్లిం ఆడవాళ్లు కూడా, "అమ్మా, మీరూ ఒకసారి ప్రార్థన చేయండి" అని. నేను కళ్లు మూసుకోకముందు ఒక మాట అడుగుతాను. "దేవుణ్ణి ఏమని అడగమంటావు?" అని.

ఒకావిడ వచ్చింది. భర్త కువైట్‌లో ఉన్నాడు, కడప వైపు వాళ్లు. నిద్ర లేదు, గుండెదడ. వెంట వచ్చిన అత్తగారు, ఆడబిడ్డ, తల్లి, అందరూ ఒకటే మాట: వాడు క్షేమంగా తిరిగి రావాలని దువాలు చేయిస్తున్నాం, మీరూ చేయండి. వాళ్లని బయట కూర్చోబెట్టి ఆవిడని అడిగాను, ఏమని అడగమంటావు తల్లీ అని. చాలాసేపు చున్నీ అంచు నలుపుతూ కూర్చుంది. తర్వాత తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "రాకుండా ఉండాలని" అంది.

ఆ రోజు ప్రార్థన చేయలేదు. గంటన్నర మాట్లాడుకున్నాం.